రేవుగట్టున పోగ్స్ పాటలు

మన పత్రికలో త్యాగరాజ ఆరాధన గురించి రాసుకున్నాం, కూచిపూడి ప్రదర్శనల గురించి రాసుకున్నాం, ఇండియా నుంచి వచ్చిపోయిన గాయనీగాయకుల గురించి పేజీలకు పేజీలు నింపాం. మనం వుంటున్న ఈ దేశపు పాట గురించి కూడా ఒక నాలుగు మాటలు చెప్పుకుంటే బాగుంటుందని ఈ వ్యాసం. 2024 డిసెంబరు 17, మంగళవారం రాత్రి డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లోని త్రీ అరీనాలో 'ది పోగ్స్' బృందం పాడగా మేము విన్నాం. మేము అంటే మా యింటి ఇద్దరం, ఆ రాత్రి డ్యూటీ లేని మరో రెండు జంటలం. ఆరుగురిలో నలుగురం డాక్టర్లం గనుక ఆ బృందం గురించి మా అభిప్రాయాల్లో వైద్యం వాసన కొంచెం తగిలితే పాఠకులు మన్నించాలి.

ముందు పేరు సంగతి. 1982లో లండన్ నగరం కింగ్స్ క్రాస్ ప్రాంతంలో వీళ్ళు మొదలుపెట్టినప్పుడు 'పోగ్ మహోన్' అని పేరు పెట్టుకున్నారు. ఐరిష్ భాషలో అదొక తిట్టు. పిల్లలు కూడా చదివే పత్రిక గనుక పూర్తిగా తెలిగించలేం. ముద్దు పెట్టుకొమ్మని చెప్పడం. ఎక్కడ అన్నది అడక్కండి. బి.బి.సి. వారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక వూరుకోలేదు. దాంతో 1984లో పేరును 'పోగ్స్' అని కుదించుకున్నారు. ముద్దులు మాత్రం మిగిలాయి.

ఐర్లండు జానపద బృందం అని లోకమంతా అనుకుంటుంది గాని, అందులో చాలామంది ఇంగ్లండులో పుట్టినవాళ్ళే. ప్రధాన గాయకుడు, పాటలు కట్టినవాడు షేన్ మెక్‌గవన్ కూడా 1957 క్రిస్మస్ రోజున ఇంగ్లండులోని కెంట్ జిల్లాలో పుట్టాడు. తల్లిదండ్రులు ఐర్లండు నుంచి బతుకుదెరువుకు వెళ్ళినవాళ్ళు. పసితనంలో కొన్నాళ్ళు, తరవాత వేసవి సెలవులకు, టిప్పరరీలో తల్లి తరఫు వాళ్ళ ఇంట్లో పెరిగాడు. ఆ ఇంట్లో రాత్రిళ్ళు పాటలు, జపమాల, పొగాకు, తాగుడు అన్నీ ఒకే గదిలో. తరవాత లండన్‌లో పేరుమోసిన వెస్ట్‌మిన్‌స్టర్ స్కూల్లో స్కాలర్‌షిప్ మీద సీటు వచ్చింది. మత్తుమందులతో దొరికిపోతే ఆ స్కూలువాళ్ళు వెళ్ళగొట్టారు. మన ఇళ్ళలో ఏ తండ్రికైనా గుండె పట్టేసే కథ ఇది.

1976-77 ప్రాంతంలో లండన్‌లో పంక్ అనే సంగీతం బయల్దేరింది. శ్రుతి శుద్ధంగా లేకపోయినా ఫరవాలేదు, గిటారు మీద మూడు మెట్లు వస్తే చాలు, కోపం నిజమైనదైతే చాలు అన్నది వాళ్ళ సిద్ధాంతం. ఈ కుర్రవాళ్ళు ఆ కోపాన్ని తీసుకుని, తాతల నాటి ఐరిష్ పాటలకు తగిలించారు. కరెంటు గిటార్ల స్థానంలో ఆరు రంధ్రాల రేకు పిల్లనగ్రోవి, బాంజో, మన హార్మోనియానికి దూరపు చుట్టమైన అకార్డియన్. పాట వేగం రెండింతలు. తొలిరోజుల్లో పిల్లనగ్రోవి వాయించే స్పైడర్ స్టేసీ మధ్యమధ్య బీరు పళ్ళెం తీసుకుని తలకేసి తాళం కొట్టేవాడట. వినడానికి వెర్రిగా వుంటుంది గాని, గుండెలకు రేకు వాయిద్యం కట్టుకుని గంతులు వేస్తూ వాయించే మన శ్రీకాకుళం, విజయనగరం తప్పెటగుళ్ళను చూసినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు.

ఇక చోటు. నార్త్ వాల్ రేవు దగ్గర ఇప్పుడు త్రీ అరీనా అని పిలిచే ఈ కట్టడం 1878లో రైల్వే గూడ్సు షెడ్డుగా మొదలైంది. పడవల్లోంచి దిగిన సరుకు రైలెక్కేది, రైల్లో వచ్చిన సరుకు పడవెక్కేది. 1988లో దాన్ని పాయింట్ డిపో అనే సంగీతశాలగా మార్చారు. 1994లో యూరోవిజన్ పోటీ మధ్య విరామంలో 'రివర్‌డాన్స్' మొట్టమొదట ఆడింది ఇక్కడే. 2007లో మూసి, పాత ముఖభాగం వుంచి లోపలంతా కొత్తగా కట్టి 2008 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. పట్టు సుమారు 13 వేలమంది. ఎర్ర లైను లువాస్ ట్రాము ఆఖరి స్టాపులో దిగితే ఎదురుగానే వుంటుంది. డిసెంబరులో ఆ స్టాపులో దిగినవాళ్ళకు లిఫీ నది మీంచి వచ్చే గాలి ఎలా కోస్తుందో మళ్ళీ చెప్పనక్కర్లేదు.

మన తెలుగువాళ్ళలో చాలామందికి డాక్‌ల్యాండ్స్ అంటే అద్దాల మేడలు, ఉద్యోగం, నెలకు గుండె గుభేలుమనే ఇంటద్దె. నది దక్షిణపు గట్టున గ్రాండ్ కెనాల్ డాక్ దగ్గర మధ్యాహ్నం తిండివేళకు నిలబడితే తెలుగు వినిపించని అయిదు నిమిషాలు వుండవు. కాని ఈ గట్లకు ఇంకో చరిత్ర వుంది. ఇక్కడి నుంచే లివర్‌పూల్ పడవల్లో పశువులతోపాటు మనుషులూ వెళ్ళారు. 1841లో ఈ ద్వీపం జనాభా 80 లక్షలు దాటింది. బంగాళాదుంపల కరువులో సుమారు పది లక్షలమంది చచ్చిపోగా, అంతకు పైగా ఓడలెక్కారు. ఉత్తరానున్న ఆరు జిల్లాలను కలుపుకున్నా నేటికీ ఆ పాత సంఖ్య తిరిగి రాలేదు. కస్టమ్ హౌస్ గట్టు మీద ఎముకలగూళ్ళలాంటి కంచు బొమ్మలు మూటలు పట్టుకుని ఓడవైపు నడుస్తుంటాయి. వెనకాలే ఒక బక్క కుక్క. రోవన్ గిలెస్పీ అనే శిల్పి చేసినవి, 1997 నుంచి అక్కడ వున్నాయి. కాకినాడ, విశాఖ రేవుల్లో రంగం ఓడ ఎక్కిన మన కూలీలకు ఇలాంటి బొమ్మ ఒక్కటైనా ఎక్కడుందా అని మేము ఆ గట్టు మీద నిలబడినప్పుడల్లా అనుకుంటాం.

ఆ రాత్రి కచ్చేరి పోగ్స్ వారి మొదటి రికార్డు 'రెడ్ రోజెస్ ఫర్ మీ'కి నలభయ్యేళ్ళు నిండిన సందర్భంగా జరిగింది. 1984లో వచ్చిన ఆ రికార్డుకు పేరు షాన్ ఓకేసీ నాటకం నుంచి తీసుకున్నారు. ఓకేసీ ఎవరో కాదు, ఇదే పేటవాడు. త్రీ అరీనా నుంచి నడిచివెళ్ళేంత దూరంలో, ఈస్ట్ వాల్‌లోని అబర్కార్న్ రోడ్డులో ఏళ్ళతరబడి కాపురమున్నాడు, రైల్వేలో కూలిపని చేశాడు. ఆ నాటకం రైల్వే కూలీల సమ్మె గురించే. ఆ రికార్డులో ఒక పాట 1840లలో ఊరూరా రైలుదారులు వేసిన ఐరిష్ కూలీలది. ఇంకొకటి బ్రెండన్ బీహన్ 'ది క్వేర్ ఫెలో' నాటకంలోది; మౌంట్‌జాయ్ జైలు ఖైదీ పాడేది, ఆ జైలు పక్కన పారే రాయల్ కెనాల్ గట్టు దాకా వినిపించే గంట గురించి. ఆ కాలువ లిఫీలో కలిసేది ఈ డాక్‌ల్యాండ్స్‌లోనే. లండన్‌లో పెరిగిన కుర్రాళ్ళు కట్టిన రికార్డు ఇది. అందులోని పాటలు నలభయ్యేళ్ళ తరవాత తమ సొంత వీధికి, అదీ ఒకప్పటి గూడ్సు షెడ్డులోకి, వచ్చి వినిపించాయి. ఈ సంగతి తెలియకుండా విన్నా పాట బాగానే వుంటుంది. తెలిసి వింటే వేరుగా వుంటుంది.

షేన్ లేడు. 2023 నవంబరు 30న, 65 ఏళ్ళ వయసులో పోయాడు. గిటారు వాయించిన డబ్లిన్ మనిషి ఫిలిప్ షెవ్రాన్ 2013లోనే పోయాడు. బేస్ వాయించిన డారిల్ హంట్ 2022లో పోయాడు. పాతవాళ్ళలో స్పైడర్ స్టేసీ, బాంజో జెమ్ ఫైనర్, అకార్డియన్ జేమ్స్ ఫెర్న్‌లీ నిలబడ్డారు. షేన్ పాడవలసిన చోటుల్ని స్టేసీతోపాటు వయసులో చాలా చిన్నవాళ్ళయిన గాయనీగాయకులు పంచుకున్నారు. ఘంటసాల పోయాక ఆయన పాటల్ని ఎవరెవరో పాడగా వింటూ 'ఆయనలా లేదు' అని గొణుక్కునే మన అలవాటు మాకూ వుంది గనుక కొంత అనుమానంతోనే వెళ్ళాం. అయితే అక్కడ ఒక్కరు కూడా షేన్ గొంతును అనుకరించలేదు. ఎవరి గొంతుతో వాళ్ళు పాడారు. అమ్మాయిలు పాడినప్పుడైతే అవే మాటలు వేరే మనుషులవిగా వినిపించాయి. మిగిలిన ఖాళీని జనం నింపారు. అరవై దాటిన పెద్దమనుషులు, వాళ్ళ కొడుకులు, కొడుకుల స్నేహితురాళ్ళు, అందరికీ అన్ని మాటలూ కంఠతా వచ్చు. మా వెనకనున్న పెద్దాయన ప్రతి పాటా మొదటి నుంచి చివరి దాకా పాడాడు, ఒక్కటీ శ్రుతిలో లేదు, ఆయనకు ఆ విషయంలో విచారమూ లేదు.

కింద నిలబడే చోటుకు మాలో ఇద్దరు ధైర్యం చేసి దిగారు. బీరుతో తడిసి, ఒకరికి చెప్పు తెగి, మొహాలు వెలిగిపోతూ తిరిగివచ్చారు. కూర్చున్న మాకు కొంచెం అసూయ కలిగిన మాట నిజం.

మా ఆస్పత్రిలో ఒక సీనియర్ సిస్టరుంది. మేము ఈ కచ్చేరికి వెళుతున్నామని తెలిసి టీ వేళ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. 1980లలో నర్సు ఉద్యోగానికి లండన్ వెళ్ళిందట. ఎక్కడ బాంబు పేలినా మర్నాడు బస్సులో నోరు విప్పేది కాదట. విప్పితే యాస తెలిసిపోతుంది. ఆ రోజుల్లో పోగ్స్ కచ్చేరికి వెళితే మాత్రం అరిచి అరిచి గొంతు పోయేదట. వారంలో యాస దాచుకోనక్కర్లేని రాత్రి అదొక్కటే అంది. ఆమె చెప్పింది అతిశయోక్తి కాదు. 1974 బర్మింగ్‌హామ్ పేలుళ్ళ కేసులో శిక్షపడిన ఆరుగురు ఐరిష్‌వాళ్ళు నిర్దోషులని పోగ్స్ 1988లో పాట కడితే, ఆ పాట ప్రసారం కాకుండా ఆపేశారు. ఆ ఆరుగురూ చేయని నేరానికి పదహారేళ్ళు జైల్లో వుండి 1991లో విడుదలయ్యారు.

2025 వేసవిలో డబ్లిన్‌లో మనవాళ్ళ మీద దాడులు జరిగినప్పుడు, ఇండియన్ ఎంబసీవారు జాగ్రత్తలు చెబుతూ ప్రకటన ఇచ్చినప్పుడు, ఆగస్టులో జరగవలసిన ఇండియా డే వేడుక వాయిదా పడినప్పుడు మాకు ఈ మాటలే గుర్తొచ్చాయి. 2022 జనాభా లెక్కల్లో ఈ దేశంలో భారత పౌరులు 45 వేలు దాటారు. ఆ తరవాత ఇంకా వచ్చాం. మాలో కొందరం ఆ నెలల్లో ట్రాములో ఫోను మోగితే తెలుగులో మాట్లాడ్డం తగ్గించాం. ఆ సిస్టరు మాత్రం కొత్తగా వచ్చిన మన జూనియర్ డాక్టరమ్మాయిని రాత్రి డ్యూటీ అయ్యాక లువాస్ స్టాపు దాకా నడిపించి, ట్రాము ఎక్కించి, అప్పుడు తన కారు దగ్గరికి వెనక్కి నడిచేది. అడగకుండానే. ఓడలెక్కినవాళ్ళ పాటలను గుండెలు బాదుకుని పాడే ఊళ్ళోనే ఓడ దిగినవాళ్ళను కొట్టేవాళ్ళూ వున్నారు. ఆ పదమూడు వేలమంది పట్టే హాల్లో ఏ రకం వాళ్ళు ఎందరో పాట విని చెప్పలేం.

వైద్యులుగా ఒక మాట చెప్పకుండా ఈ వ్యాసం దాటించలేం. పోగ్స్ పాటల్లో సారాయి ఏరులై పారుతుంది. ఒక పాటలో కలలో బ్రెండన్ బీహన్ కనిపిస్తాడు. ఆ బీహన్ మధుమేహం వుండి కూడా తాగి తాగి 1964లో 41 ఏళ్ళకే పోయాడు. షేన్ తాగుడు భరించలేక 1991లో, జపాన్ పర్యటనలో వుండగా, సొంత బృందమే అతన్ని తీసేసింది. 2001లో మళ్ళీ కలిశారు గాని పాడయిన ఒళ్ళు పాడయినట్టే వుంది. 2015లో పడి కటి ఎముక విరిగాక చక్రాల కుర్చీయే. చివరికి న్యుమోనియా. అతని పాడయిన పళ్ళను, తూలే నడకను ముచ్చటగా చెప్పుకునేవాళ్ళను చూస్తే మాకు ఒళ్ళు మండుతుంది. అలాగని ఐరిష్‌వాళ్ళను వెక్కిరించే అర్హత మనకు లేదు. 'దేవదాసు' చూసి ఇంటిల్లిపాదీ ఏడ్చి, తాగుబోతును త్యాగమూర్తిని చేసిన జాతి మనది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించే దాకా ఆ తాగుడుకు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారో మనవాళ్ళు మాట్లాడనేలేదు. ఇక్కడ 2022 జనవరిలో మద్యానికి కనీస ధర నిర్ణయించారు. వార్డుల్లో పచ్చబడ్డ కళ్ళతో పడుకున్న ముప్ఫైయేళ్ళవాళ్ళను చూస్తున్న మాకు అది కూడా చాలదనిపిస్తుంది. పాట గొప్పది, సీసా గొప్పది కాదు. రెంటినీ కలిపి చప్పట్లు కొట్టనక్కర్లేదు.

అసలు మేము చెప్పదలచింది ఇంకొకటి. ఈ పాటలు మొదట వచ్చినప్పుడు ఐర్లండులోనే చాలామందికి నచ్చలేదు. లండన్‌లో పెరిగిన తాగుబోతులు మన సంగీతాన్ని పాడుచేస్తున్నారని సంప్రదాయ విద్వాంసులు కొందరు రేడియోలో వాళ్ళ ఎదుటే కడిగేశారు. అయితే పెద్దలంతా అలా లేరు. 'డబ్లినర్స్' అనే పాత తరం బృందం, అప్పటికే పాతికేళ్ళుగా పాడుతున్నవాళ్ళు, 1987లో ఈ కుర్రాళ్ళను పక్కన నిలబెట్టుకుని ఒక జానపదం కలిసి పాడారు. అది ఐర్లండులో మొదటి స్థానానికి వెళ్ళింది. అదే ఏడాది కర్స్టీ మెకాల్‌తో కలిసి షేన్ పాడిన న్యూయార్క్ క్రిస్మస్ పాట ఇప్పటికీ ఏటా డిసెంబరులో ప్రతి దుకాణంలోనూ వినిపిస్తుంది. తమాషా ఏమిటంటే, డబ్లిన్‌వాళ్ళు తమ ఊరి పాటేనని ప్రమాణం చేసే 'డర్టీ ఓల్డ్ టౌన్' ఆ కర్స్టీ తండ్రి ఈవన్ మెకాల్ ఇంగ్లండులోని సాల్‌ఫర్డ్ గురించి కట్టింది. పోగ్స్ పాడాక అది ఎవరి ఊరిదో అడిగేవాళ్ళు లేరు. 2023 డిసెంబరు 8న షేన్ శవపేటికను గుర్రపు బండి మీద డబ్లిన్ వీధుల్లో తీసుకువెళ్ళినప్పుడు జనం రోడ్లకు రెండువైపులా నిలబడి పాడారు. నీనాలో జరిగిన అంత్యక్రియలకు అప్పటి అధ్యక్షులు మైకేల్ డి. హిగిన్స్ హాజరయ్యారు. చర్చిలో పాటకు లేచి నాట్యం చేశారు.

అదే ఏడాది ఆగస్టు 6న హైదరాబాదులో గద్దర్ పోయారు. తూప్రాన్‌లో పుట్టిన గుమ్మడి విఠల్‌రావు ఆ పేరు పెట్టుకున్నది గదర్ పార్టీని తలచుకుని. ఆ పార్టీ పెట్టినవాళ్ళూ 1913లో అమెరికాలో వున్న మన వలస జనమే. గొంగడి, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కర్ర, పల్లెపాట, దాన్నిండా కోపం. ఏళ్ళతరబడి అజ్ఞాతంలో వుండి, 1997లో తుపాకి గుండ్లు తిని, ఒక గుండు ఒంట్లో వుండగానే పాతికేళ్ళు పాడిన మనిషిని చివరికి ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. రాజకీయాల్లో ఆయనతో ఏకీభవించేవాళ్ళు, ఏకీభవించనివాళ్ళు మనలో వున్నారు. మాలోనే వున్నారు. కాని ఆయన పల్లెపాటను అద్దాల బీరువాలోంచి బయటికి లాగాడన్నది ఎవరూ కాదనలేరు.

మన సంఘం ఉగాది కార్యక్రమం గురించి ఇప్పుడు నడుస్తున్న తగాదా మీకందరికీ తెలిసిందే. మన సభ్యుల పిల్లలు ముగ్గురు, పెద్దవాడికి పదహారు, ఇక్కడే పుట్టినవాళ్ళు, శ్రీకాకుళం జిల్లాలో వున్న అమ్మమ్మ దగ్గర ఒక ఊడ్పుల పాట ఫోనులో పట్టుకున్నారు. దానికి స్కూలు స్నేహితుడి ఫిడేలు, ఒక డ్రమ్ముల సెట్టు జోడించి, వేగం పెంచి సాధన చేస్తున్నారు. తెలుగు ఉచ్చారణ కొన్నిచోట్ల డబ్లిన్ యాసలోకి జారుతోంది. 'ఇది పాట కాదు, పాటకు తద్దినం' అని మనలో పెద్దవారొకరు అన్నారు. బాలమురళి కృతి పాడించండి అని ఇంకొకరు. వాళ్ళ బాధ మాకు తెలుసు. పద్ధతిగా నేర్పించాలని వారం వారం కార్లో పిల్లల్ని తిప్పిన తల్లిదండ్రులు వాళ్ళు. అయినా మా వోటు పిల్లలకే. ఎందుకంటే ఆ పాట కావాలని వాళ్ళని ఎవరూ అడగలేదు. వాళ్ళంతట వాళ్ళు అమ్మమ్మను అడిగి తీసుకున్నారు.

ఆ అమ్మమ్మకు మొన్న ఆదివారం వీడియోలో సాధన వినిపించారు. మేమూ అక్కడే వున్నాం. ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని, తెర చూడకుండా, మొత్తం వింది. 'బాగుంది గాని నెమ్మదిగా లాగుతున్నారు నాయినా' అంది. 'వోన ముంచుకొచ్చినపుడు మేం ఇంకా బేగి పాడీవోళ్ళం.'

కార్యవర్గం వారు భోజనాలయ్యాక పది నిమిషాలు ఇచ్చారు. అది పదిహేను చేయాలని మేము రాతపూర్వకంగా అడిగాం. డ్రమ్ముల సెట్టు లూకన్ నుంచి హాలుకు తేవాలి, మామూలు కార్లో పట్టదు. వ్యాను వున్నవాళ్ళు ఎవరైనా వుంటే వచ్చే సమావేశం లోపల మాకు చెప్పండి.